నీళ్ళు కనిపించే గది

ఆదివారం పొద్దున్న కళ్ళజోళ్ళాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, సరస్సు ఒడ్డున కొత్తగా కట్టిన చెక్కగదికి మిగిలిపోయిన ఒక్క కిటికీ రెక్క బిగించడం, అత్తగారిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆ కిటికీ ముందు కుర్చీలో కూర్చోబెట్టడం. ఆ తర్వాత భోంచేసి ఓ కునుకు తియ్యడం కూడా పథకంలో భాగమే. బజారులో కళ్ళజోళ్ళ షాపు నడుపుతూ వారమంతా ఊరందరి కళ్ళలోకీ తొంగి చూసే మనిషికి ఆదివారం తన కళ్ళు మూసుకోవాలనిపించడం తప్పు కాదు.

ఆ గది ఊరికే పుట్టలేదు. అత్తగారి కళ్ళకి పొరలు కమ్మి చాలా కాలమైంది. మొన్నీమధ్య ఆపరేషన్ చేయించారు. అల్లుడే స్వయంగా కూర్చుని, ఊళ్ళో ఎవరికీ వెయ్యనంత మంచి అద్దాలు వేసి, జోడు తయారు చేసి పెట్టాడు. ఆవిడ దాన్ని పెట్టుకుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ఏదో పెళ్ళికి వెళ్తున్నట్టు వంటింటి కిటికీ దగ్గరికి నడిచింది. కిటికీకి ఎదురుగా గాలికి అడ్డంగా బిగించిన రేకు ఉంది. రేకు మీద తుప్పు ఉంది. పక్కన ఆరేసిన తువ్వాళ్ళు ఉన్నాయి.

"ఇంతేనా అల్లుడుగారూ?" అంది ఆవిడ. "ఇంతే అయితే ఆ మసకే నయం. ఏదో ఉందిలే అనుకునేదాన్ని."

ఆ మాట ఆయనకి ముల్లులా గుచ్చుకుంది. "ఏం చూడాలనుందండీ మీకు?" అని అడిగాడు.

"నీళ్ళు చూడాలనుంది. ఒడ్డున నిలబడి ఓసారి తొంగి చూడ్డం కాదు, కిటికీ ముందు కూర్చుని తనివితీరా. ఇక్కడికొచ్చినప్పట్నించీ చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఎలా ఉంటాయో తెలీదు."

నిజానికి ఆ ఇల్లు సరస్సు పక్కనే ఉంది. కానీ సరస్సుతో ఏదో పాత తగువు ఉన్నట్టు దానికి వీపు తిప్పి కూర్చుంది. పెరటి చివర జమ్ముగడ్డి మనిషెత్తున పెరిగి ఉంటుంది. దాని అవతల నీళ్ళున్నాయని అందరికీ తెలుసు గానీ, కళ్ళజోళ్ళాయన ఆ నీళ్ళ దగ్గరికి వెళ్ళేది కాళ్ళు కడుక్కోవడానికే. ఆయన వెంటనే గ్యారేజీలో పనిచేసే బావమరిదిని పిలిచాడు. ఇద్దరూ కలిసి జమ్ము కొంత నరికి, నీళ్ళ అంచున చెక్కగది కట్టారు. గోడంత కిటికీ పెట్టారు. స్థలం తనది, చెక్క తనది, అత్తగారు తనవారు, ఇంకెవర్ని అడగాలి?

రెక్క బిగించడం సగంలో ఉండగా రబ్బరు బూట్లు వేసుకుని, నడుముకి కొలత టేపు తగిలించుకుని ఒకమ్మాయి పెరట్లోకి వచ్చింది. ఒడ్డు మీద ఎవరేం కట్టుకోవచ్చో చూసే ఆఫీసరు. ఉద్యోగంలోకి కొత్తగా వచ్చింది. వచ్చీ రాగానే కొలవలేదు. చేతులు కట్టుకుని కాసేపు నీళ్ళకేసి చూసింది. తర్వాత గదికేసి చూసింది.

"గది చాలా బాగుందండీ," అంది మెల్లిగా. "తీసెయ్యాలి."

"ఏమ్మా? మా స్థలమే కదా?"

"మీదేనండీ. కానీ వానాకాలంలో నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో అక్కడో గీత ఉంటుంది. ఆ గీతకి ముప్ఫై అడుగుల లోపల ఏ కట్టడమూ ఉండకూడదు. మీ గది గీత మీదే కూర్చుంది."

బావమరిది నేలంతా వెతికాడు. "ఏ గీతండీ? ఎవరు గీశారు?"

"నీళ్ళే గీశాయి," అంటూ ఆమె ఒడ్డున రాళ్ళని చూపించింది. ప్రతి రాయి మీదా ఒకే ఎత్తులో గోధుమరంగు చార ఉంది. ఈ రాయి మీద ఆగింది ఆ రాయి మీద అందుకుని, కనుచూపు మేర ఒడ్డంతా, స్కేలు పెట్టి గీసినట్టు సాగిపోయింది. కళ్ళజోళ్ళాయన నోరు తెరిచాడు. ఆ రాళ్ళ మీదే రోజూ మడమలు రుద్దుకునేవాడు. ఇంత పొడుగు సంతకం చేసి పోయిందెవరో ఒక్కనాడూ చూడలేదు.

"నీళ్ళు కూడా కాళ్ళు చాపుకోవాలి కదండీ," అంది ఆఫీసరమ్మ. "వచ్చే ఆదివారం వస్తాను. అప్పటికి తీసెయ్యండి."

ఇంట్లో అత్తగారు తల దువ్వుకుని, జోడు కొంగుతో తుడుచుకుని కుర్చీలో సిద్ధంగా కూర్చుంది. అల్లుడు తలుపు దగ్గర నిలబడి విషయం చెప్పాడు.

"పర్లేదులెండి. తీసేసే గదిలోంచి ఎందుకు, అన్నీ కుదిరాకే చూస్తాను. ఇన్నాళ్ళూ ఆగాను, ఇంకో వారం ఆగలేనా?" అంది ఆవిడ. ఆవిడ కోప్పడి ఉంటే ఆయనకి తేలిగ్గా ఉండేది. ఎలాగైనా సరే, ఆవిడకి నీళ్ళు చూపించి తీరాలని అప్పుడే గట్టిగా నిశ్చయించుకున్నాడు.

ఈలోగా బావమరిది గేటు దాకా ఆఫీసరమ్మ వెనకాలే వెళ్ళాడు. "మేడం, చిన్న డౌటు. కట్టడం అంటే ఏంటి?"

"నేలలో పాతుకుని, కదలకుండా ఉండేదండీ."

"కదిలితే?"

ఆ అమ్మాయి అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆలోచించి, "కదిలితే కట్టడం కాదు," అంది. బావమరిది కళ్ళు మెరిశాయి. కళ్ళజోళ్ళాయన ఇంటి తలుపు దగ్గర్నించే ఆ మెరుపుని గుర్తుపట్టాడు. చివరిసారి ఆ మెరుపు మెరిసినప్పుడు ఇంట్లో బట్టలుతికే మెషిను వరండా మెట్లు దిగి వీధిలోకి నడిచి వెళ్ళింది.

మరుసటి ఆదివారానికి గది కింద నాలుగు చక్రాలున్నాయి. పాత వ్యానువి. బావమరిది పక్కన నిలబడి, అల్లరి పిల్లాణ్ణి స్కూల్లో చేర్పించిన తండ్రిలా చూస్తున్నాడు. ఆఫీసరమ్మ గది చుట్టూ తిరిగింది, వంగి కిందికి చూసింది, చేత్తో ఒక టైరు తట్టింది.

"అద్భుతంగా ఉందండీ," అంది. మనస్ఫూర్తిగానే అంది. "ఇప్పుడిది కట్టడం కాదు, వాహనం. వాహనాలు ఒడ్డు మీదికి రాకూడదు. చక్రాల కింద జమ్ము వేళ్ళు నలిగిపోతాయి. పిట్టలు గుడ్లు పెట్టేది అందులోనే."

"మరెక్కడ పెట్టుకోమంటారు?"

"రోడ్డు మీద పెట్టుకోవచ్చండీ."

రోడ్డు మీద పెడితే ఆ గోడంత కిటికీలోంచి ఎదురింటివాళ్ళ గోడంత గోడ కనిపిస్తుంది. తుప్పు రేకు తప్పించి సున్నం గోడ చూపించడానికా ఇంత చేసింది? కళ్ళజోళ్ళాయన తల పట్టుకున్నాడు. బావమరిది మాత్రం తల గోక్కున్నాడు.

"నేల మీద వద్దంటే సరేనండీ. నీళ్ళ మీద ఉంటే?"

"నీళ్ళ మీద ఉంటే పడవ కిందికి వస్తుంది. దానికి పడవల నిబంధనలుంటాయి," అని, ఆ మాట నోరు దాటాక ఆ అమ్మాయి కళ్ళు గట్టిగా మూసుకుంది. "లైఫ్ జాకెట్లుండాలి. తెడ్లుండాలి. నడపడానికి చూపు బాగున్నట్టు సర్టిఫికెట్ ఉన్న సరంగు ఉండాలి. అన్నిటికంటే ముందు, అది నడవాలి."

"చూపు సర్టిఫికెట్టా?" అన్నాడు బావమరిది. "మా బావ పనే అది."

కళ్ళజోళ్ళాయన భార్య కిటికీలోంచి ఇదంతా వింటోంది. "గది కట్టమంటే బండి చేశారు. బండి వద్దంటే ఓడ చేస్తున్నారు. ఆ ఆఫీసరమ్మ గాల్లో పెట్టుకోమంటే రెక్కలు కూడా కట్టేట్టున్నారు," అంది. ఆమె చిన్నప్పట్నించీ నీళ్ళంటే భయపడే మనిషి. బకెట్లో నీళ్ళు కూడా ఆమె సగానికి మించి పట్టదు.

ఆ వారం గ్యారేజీలో ఉన్న ఖాళీ డ్రమ్ములన్నీ గది కిందికి చేరాయి. చక్రాలు ఊడాయి. షాపులో సరంగు కోసం వెతుకులాట మొదలైంది. ముందు బావమరిదిని కూర్చోబెట్టి రంగుల చుక్కలున్న పుస్తకం చూపించారు. వాడికి ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదని తేలింది. కిందటేడు ఒక పెద్దమనిషి ఎర్రకారుకి ఆకుపచ్చ తలుపు బిగించి పంపిందెందుకో ఇన్నాళ్ళకి అర్థమైంది. భార్యని అడిగితే, "అట్ట మీద అక్షరాలు కనిపిస్తున్నాయి గానీ పడవ మాటెత్తితే మాయమైపోతున్నాయి," అంది. ఇక మిగిలింది కళ్ళజోళ్ళాయన. ఊళ్ళో చూపు సర్టిఫికెట్ ఇచ్చేది ఆయనొక్కడే. తన కళ్ళు తనే పరీక్షించుకుని తనకి తనే సర్టిఫికెట్ ఇచ్చుకోవడం చెల్లదు.

"నన్నో సారి చూడండి," అంది మూలన కూర్చున్న అత్తగారు.

ఆవిడ పెద్ద అక్షరాల నుంచి చిన్న అక్షరాల దాకా గడగడా చదివేసింది. అది అయిపోయాక, అట్ట అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న ప్రెస్సు పేరు కూడా చదివింది. రంగుల పుస్తకంలో ఆఖరి పేజీ తిప్పాక, "అయిపోయిందా? బొమ్మలు బాగున్నాయి," అంది. అల్లుడు సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాడు. తన చేత్తో వేసిన అద్దాలు ఇంత పని చేస్తాయని ఆయనకే తెలియదు. ఆ విధంగా అత్తగారు, జీవితంలో ఒక్కసారైనా నీళ్ళు సరిగ్గా చూడకుండానే సరంగు అయింది.

మూడో ఆదివారం పొద్దున్న ఆఫీసరమ్మ వచ్చేసరికి గది నీళ్ళ మీద తేలుతోంది. ఒడ్డున గుంజకి మోకుతో కట్టి ఉంది. జాకెట్లు అందరూ తొడుక్కున్నారు. అత్తగారు ఎంతో ఓపిగ్గా, కళ్ళు గట్టిగా మూసుకుని, కూతురి చెయ్యి పట్టుకుని ఎక్కింది. అన్నీ సవ్యంగా అయ్యాకే, ఒకేసారి, తనివితీరా చూస్తానంది. కూతురు తల్లిని వదల్లేక తనూ ఎక్కింది, వెనకే కళ్ళజోళ్ళాయన ఎక్కాడు. ఆఫీసరమ్మ కాగితాలు పెట్టుకునే అట్టా పెన్సిలూ ఒడ్డున పెట్టి ఎక్కి, "అన్నీ ఉన్నట్టేనండీ. ఇక కదలాలి," అంది.

"ఎంతసేపు? ఇదిగో," అని బావమరిది మోకు విప్పాడు. కాకపోతే గుంజ దగ్గర విప్పాల్సింది, గది దగ్గర విప్పాడు. విప్పి, దాన్ని పట్టుకుని ఒడ్డు మీదికి గెంతాడు. అదే సమయానికి అటునుంచి గాలి వచ్చి ఆ గోడంత కిటికీ రెక్కలని గట్టిగా తోసింది. గది కదిలింది. పరీక్ష పాసయింది.

"చాల్లేరా, ఇక లాగు," అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"తాడు నా దగ్గరే భద్రంగా ఉంది బావా, నువ్వేం భయపడకు," అని అరిచాడు బావమరిది. గదికి ఉండాల్సిన కొస వాడి కాళ్ళ దగ్గరే పడి ఉంది. వాడు ఒకసారి దానికేసి, ఒకసారి దూరమవుతున్న గదికేసి చూశాడు.

"తెడ్లు తియ్యండి," అంది ఆఫీసరమ్మ.

తెడ్లకి ఆ పొద్దున్నే రంగు వేశారు. అవి పెరట్లో ఇంటి గోడకి ఆనించి ఆరుతున్నాయి. బావమరిది ఎర్రరంగు వెయ్యమంటే ఆకుపచ్చ వేశాడని కూడా అప్పుడే తెలిసింది. గది నిదానంగా, పెళ్ళికూతురి పల్లకీ అంత నిదానంగా, సరస్సు మధ్యకి బయల్దేరింది. భార్య ఆయన చొక్కా పట్టుకుని, "గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చారు," అని గొణిగింది. ఆయన దూరమవుతున్న ఒడ్డుకేసి చూశాడు. ఒక ముసలావిడకి కిటికీ చూపించబోయి, ఒక ప్రభుత్వ ఉద్యోగినితో సహా అందరినీ నీళ్ళపాలు చేశాననుకున్నాడు.

"ఇప్పుడు తెరవచ్చా అల్లుడుగారూ?" అంది అత్తగారు. ఆవిడ ఇంకా కళ్ళు మూసుకునే ఉంది.

"తెరవండి," అన్నాడు ఆయన.

ఆవిడ కళ్ళు తెరిచింది. పొగమంచు అప్పుడప్పుడే పైకి లేస్తోంది. దాని కింద నీళ్ళు కదలకుండా, ఎంత దూరం చూస్తే అంత దూరం, వెండి కరిగించి పోసినట్టున్నాయి. ఆకాశం మొత్తం నీళ్ళలో ఇంకోసారి ఉంది. ఎక్కణ్ణించో తెల్లపిట్టలు గుంపుగా వచ్చి, గది కప్పుకి ఆనుకుంటున్నట్టే ఎగిరి, ముందుకి పోయాయి. వాటి రెక్కల చప్పుడు తలల మీద నుంచి వెళ్ళింది. భార్య ఎప్పుడో చొక్కా వదిలేసి కిటికీ చట్రం పట్టుకుని నిలబడింది. కళ్ళజోళ్ళాయన ఇంత పెద్దది ఇన్నాళ్ళూ తన పెరటి వెనక ఉండటం నమ్మలేకపోయాడు. ఆయనకి ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

"అయ్యబాబోయ్," అంది అత్తగారు చాలా నెమ్మదిగా. "ఇది చప్పుడు చేసే సరుకు కాదు. ఇంతుండి ఎంత అణకువగా ఉంది."

ఆఫీసరమ్మ కళ్ళు తుడుచుకుంది. "నేనెప్పుడూ ఒడ్డు మీంచి కొలవడమే గానీ, ఇక్కణ్ణించి ఒడ్డుని చూడలేదండీ," అంది.

అందరూ అటు తిరిగారు. ఒడ్డంతా ఒక్క చూపులో కనిపించింది. రాళ్ళ మీద ఆ చార ఇక్కణ్ణించి చూస్తే సరస్సుకి కట్టిన మొలతాడులా ఉంది. దాని వెనక జమ్ము పచ్చగా, గుబురుగా, గాలికి ఒకేసారి వంగి ఒకేసారి లేస్తోంది. మధ్యలో ఒక్కచోట ముందుపన్ను ఊడిన నోరులా బోసిగా ఉంది. అది కళ్ళజోళ్ళాయన గది కోసం నరికిన చోటు. అక్కడ బావమరిది తాడు చేత్తో పట్టుకుని అటూ ఇటూ పరుగెడుతున్నాడు. కళ్ళజోళ్ళాయనకి సిగ్గేసింది. అమ్మాయి ముప్ఫై అడుగులనేది దేని కోసమో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

అత్తగారు జోడు సర్దుకుని ఇంకాస్త ముందుకి వంగింది. "ఆ బోసి సందులోంచి, మన పెరట్లో మిట్ట మీద, నీలంరంగులో ఏదో పెద్ద బోర్డు కనిపిస్తోంది. ఎవరిది?"

"నాకేం కనిపించట్లేదండీ."

"నాకు బాగానే కనిపిస్తోంది. చదవమంటారా?" అని ఆవిడ, షాపులో అట్ట చదివినట్టే, గడగడా చదివింది. "ఎదురుగా ఉన్నది కనిపించడం లేదా? లోపలికి రండి."

అది కళ్ళజోళ్ళాయన షాపు పాత బోర్డు. కొత్త బోర్డు వచ్చినప్పుడు పారేయడానికి మనసొప్పక ఇంటికి తెచ్చాడు. అప్పట్లో గాలికి వంటింట్లో పొయ్యి మాటిమాటికీ ఆరిపోతోందంటే, కిటికీ ఎదురుగా దాన్ని బిగించాడు. వంట చేస్తూ కూడా షాపు మొహం చూడలేనని భార్య అంటే, అక్షరాలు అటువైపుకి తిప్పాడు. ఆ తర్వాత అందరికీ అది ఉత్త రేకైపోయింది.

"ఇక్కణ్ణించి అది ఇంత బాగా కనిపిస్తోందంటే," అంది అత్తగారు సావకాశంగా, "దాని దగ్గర్నించి ఇదంతా కనిపించాలి కదండీ? ఇల్లు మిట్ట మీదుంది. జమ్ము పల్లంలో ఉంది."

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది," అంది భార్య. ఆమె మొగుణ్ణి తిట్టడానికి ఇంతకంటే మంచి అవకాశం మళ్ళీ రాదు. అయినా ఆమె మళ్ళీ నీళ్ళకేసి తిరిగింది.

ఆఫీసరమ్మ గొంతు సవరించుకుంది. "చెప్పడానికి బాధగా ఉందండీ. నీళ్ళకేసి తిప్పి ప్రకటన బోర్డులు పెట్టకూడదు. అది నిబంధనలకి విరుద్ధం. వెంటనే తీసెయ్యాలి."

"తీసేస్తానమ్మా," అన్నాడు కళ్ళజోళ్ళాయన. మూడు వారాల్లో ఆ అమ్మాయి చెప్పిన మాటల్లో ఆయనకి అక్షరం అక్షరం నచ్చిన మాట అదొక్కటే.

ఇంటికి చేరడం ఎలాగన్నది మిగిలింది. అత్తగారు లేచి, తను సరంగునని అందరికీ గుర్తు చేసి, ఆ కిటికీ మూసి ఎదురు కిటికీ తెరవమంది. గాలి తిరిగే దాకా అందరూ నోరు మూసుకుని నీళ్ళు చూడండి అని కూడా ఆజ్ఞ వేసింది. ఎండెక్కాక, తీసుకెళ్ళిన గాలే తిరిగొచ్చి, వాళ్ళని బావమరిది కాళ్ళ దగ్గర దించింది. వాడు మోకు అందిస్తూ, "చెప్పానా బావా, తాడు నా దగ్గరే ఉందని," అన్నాడు.

ఆ సాయంత్రమే బోర్డు ఊడింది. గదిని మిట్ట మీదికి, కిటికీకి అడ్డం రాకుండా ఓ పక్కకి లాగి పాతసామాను కొట్టు చేశారు. బోసి సందులో జమ్ము దుంపలు నాటడానికి ఆఫీసరమ్మ కూడా ఒక చెయ్యి వేసింది. వంటింటి కిటికీ ముందు కుర్చీ వేసి అత్తగారిని కూర్చోబెట్టారు. జమ్ము తలల మీదుగా, ఆ కొస నుంచి ఈ కొస దాకా, సాయంత్రపు వెలుగులో సరస్సు అంతా వచ్చి కిటికీలో నిలబడింది. ఆవిడ పక్కన నిలబడ్డ అల్లుడి చెయ్యి తీసుకుని తన కళ్ళకి అద్దుకుంది. వెనకాల పొయ్యి గాలికి ఆరిపోయింది. ఎవరూ వెలిగించడానికి లేవలేదు.

మర్నాడు కళ్ళజోళ్ళాయన షాపుకి అందరికంటే ముందు వెళ్ళి, తలుపు లోపల్నించి గడియ పెట్టుకుని, తన కళ్ళు తనే పరీక్షించుకున్నాడు. లోపమేమీ లేదని తేలింది.